మెమో బుక్కులో పనితనం

బెంగళూరు చిక్కపేటకు వచ్చేవాళ్ళకు పనితనం చూసే కన్ను ఉంటుంది. చీర కొంగు తిరగేసి వెనకవైపు నేత చూస్తారు, జరీని వేళ్ళమధ్య నలిపి చూస్తారు, శుభలేఖ మీద అచ్చు ఎలా పడిందో వెలుతురుకు పట్టి చూస్తారు. అదే కన్నుతో చూడాల్సిన వస్తువు ఈ పేటల్లోని సర్కారు బడుల్లో ఇంకొకటి ఉంది. అది మెమో బుక్కు.

పొడుగాటి బైండు పుస్తకం అది. పక్కనే అవెన్యూ రోడ్డులో, అంటే ఒకప్పటి దొడ్డపేటలో, ఏ స్టేషనరీ కొట్లో అడిగినా ఇస్తారు. పై ఆఫీసు నుంచి ఏ కబురు వచ్చినా హెచ్చెం అందులో రాస్తారు. పెద్ద తరగతి పిల్ల ఒకతె దాన్ని పట్టుకుని గదిగదికీ వెళ్తుంది. టీచరు బోర్డు దగ్గర ఆగి, చదివి, సంతకం పెట్టి మళ్ళీ పాఠంలో పడుతుంది. అంతకు మించి సమయం ఇవ్వడం ఆమెవల్ల కాదు. ఎదురుగా గదినిండా పిల్లలున్నారు. పాలు, గుడ్లు, బూట్లు, స్కాలర్‌షిప్పులు, పాటల పోటీలు, ఆటలు, తల్లిదండ్రుల మీటింగులు అన్నీ ఆ అరనిమిషంలోంచే ఇంటికి చేరాలి. అక్కడ ఒక వాక్యం తడబడితే ఎక్కడో ఒక తల్లికి ఒకపూట కూలి పోతుంది.

కర్ణాటకలో ఈ కబురు చాలా దూరం నడిచి వస్తుంది. విద్యాశాఖ కమిషనర్ కార్యాలయం నుంచి జిల్లా విద్యాధికారి డీడీపీఐకి, అక్కడినుంచి బ్లాకు విద్యాధికారి బీఈఓకి, ఆ తర్వాత క్లస్టరు రిసోర్సు పర్సన్లైన సీఆర్‌పీల చేతిమీదుగా బడులకు. ఈ సర్క్యులరును కన్నడంలో సుత్తోలె అంటారు. పైన విషయం, దానికింద ఉల్లేఖాలు, పాత ఉత్తర్వుల నంబర్లు, తేదీలు, చివర ప్రతులు ఎవరెవరికో జాబితా. ఆ కాగితాన్ని నేను తప్పుపట్టను. డబ్బు ఏ పద్దులోంచి వచ్చింది, ఏ ఉత్తర్వు ప్రకారం ఖర్చుపెట్టాలి, రేపు ఆడిట్లో జవాబు చెప్పేది ఎవరు అన్నవి అందులో ఉండితీరాలి. కానీ దాన్ని ఉన్నదున్నట్టు తరగతిగదికి పంపితే, టీచరు తానేం చెయ్యాలో తెలియకుండానే సంతకం పెడుతుంది. ఆ కాగితానికీ తరగతికీ మధ్య హెచ్చెం కలం ఉంది. ఈ వ్యాసం ఆ కలం గురించి.

పేట బడుల్లో పనిచేసి రిటైరైన ఒక మేడం దగ్గర ఆవిడ చిత్తు నోటుబుక్కులు చూశాను. పేరు రాయొద్దన్నారు, అందుకని మేడం అనే అంటాను. మెమో బుక్కులో ఎక్కించేముందు ప్రతి నోటీసునూ ఆవిడ విడిగా చిత్తు రాసుకునేవారు. అసలు పుస్తకాలు బడి ఆస్తి, అవి బడిలోనే ఉండిపోయాయి. కొట్టివేతలతో నిండిన చిత్తులు మాత్రం ఆవిడ దగ్గర మిగిలాయి. పనితనం చూడాలనుకునేవాడికి కావలసింది ఆ కొట్టివేతలే.

పాల నోటీసు చూడండి. కర్ణాటకలో క్షీరభాగ్య పథకం 2013 ఆగస్టు 1న మొదలైంది. ఒక్కో బిడ్డకు 18 గ్రాముల పాలపొడి, 10 గ్రాముల చక్కెర, కలిపితే 150 మిల్లీలీటర్ల పాలు. మొదట వారానికి మూడు రోజులు, 2017 నుంచి ఐదు రోజులు. మేడం కూడా చిత్తులో ముందు ఈ లెక్కే రాశారు. తర్వాత దానిమీద అడ్డగీత. కింద కొత్తగా: హాజరు 100 ఉంటే పొడి కిలో 800 గ్రాములు, చక్కెర కిలో, పాలు 15 లీటర్లు, హాజరు పది తగ్గితే పొడి 180 గ్రాములు తగ్గించండి. గరిట పట్టుకుని డేగిసా ముందు నిలబడిన మనిషికి ఒక బిడ్డ లెక్క పనికిరాదు. ఆ మనిషి చూస్తున్నది వందమందికి కావలసిన పొడిని. ఆ పక్కన ఇంకో వాక్యం చేర్చారు: హాజరు చీటీ మొదటి పీరియడ్ టీచరు ప్రార్థన అయిన వెంటనే పంపాలి. పంపేది ఎవరో, ఎప్పుడో రెండూ ఉన్నాయి. చాలా నోటీసులు ఇక్కడే దెబ్బతింటాయి. అందరూ చెయ్యాలి అని రాస్తారు, ఇక ఎవరూ చెయ్యరు.

గుడ్ల విషయంలో ఆవిడ రాసింది నాకు ఇంకా నచ్చింది. మధ్యాహ్న భోజనంతోపాటు గుడ్డు ఇవ్వడం మొదలయ్యాక, గుడ్డు తినని పిల్లలకు అరటిపండో శెనగచిక్కీయో ఇవ్వాలన్నారు. 2024లో అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ సాయంతో వారానికి ఆరు రోజులూ ఇచ్చే ఏర్పాటు వచ్చింది. పై కాగితం అడిగేది సంఖ్య: గుడ్డు తినేవాళ్ళు ఇందరు, తిననివాళ్ళు ఇందరు. ఆ సంఖ్య రాబట్టడానికి సులువైన దారి తరగతిలో చేతులెత్తించడం. మేడం నోటీసు మొదటి మాటే అది కూడదని: పిల్లల్ని అందరిముందూ అడగొద్దు, ఇంటివాళ్ళను అడిగి రాసుకోండి. ఎందుకో వివరించలేదు. పేటలో పనిచేసే టీచరుకు ఆ అవసరం లేదు. ఒక బెంచీ మీద నాలుగు ఇళ్ళ పిల్లలు, నాలుగు రకాల వంటిళ్ళ పిల్లలు కూర్చుంటారు. చేతులెత్తిస్తే ఆ పూటే ఎవడు ఏ కులమో, ఏ మతమో బెంచీకంతా తెలిసిపోతుంది.

బూట్ల నోటీసు దగ్గర కాసేపు ఆగాలి. బూట్లు, సాక్సుల డబ్బు ప్రభుత్వ పథకం కింద బడికే వస్తుంది, కొనేది బడి కమిటీ. 2022-23లో ఒకటి నుంచి అయిదో తరగతి వరకు జతకు 265 రూపాయలు, ఆరు నుంచి ఎనిమిది వరకు 295, తొమ్మిది, పది తరగతులకు 325. చిక్కపేట పక్కనే ఉన్న బడికి టోకు ధర సమస్య కాదు, సైజు సమస్య. నంబరు అడిగితే పిల్లలకు తెలియదు, చాలామంది రబ్బరు చెప్పులతో వస్తారు. మేడం ఏం రాశారంటే: ప్రతి బిడ్డ రెండు పాదాలూ పాత పరీక్ష కాగితం వెనక పెట్టి పెన్సిల్‌తో గీయించండి, ఆ గీతమీద పేరు, తరగతి రాయండి, పొడుగులో ఒక వేలి వెడల్పు వదిలి సైజు లెక్కకట్టండి. రెండు పాదాలూ అన్న మాట తర్వాత చేర్చింది, సిరా రంగు వేరు. ఒక ఏడాది ఒక్క పాదమే గీసి కొంటే కొందరికి రెండో కాలు బిగిసిందట. పిల్లలు ఏడాదిలో ఎదుగుతారు గనుక వేలి వెడల్పు. పదాలు పట్టుమని పాతిక దాటలేదు, కానీ ఆ నోటీసు చదివిన ఏ టీచరూ తిరిగొచ్చి ఇంకో ప్రశ్న అడగక్కర్లేదు.

తల్లిదండ్రుల మీటింగు ఇంకా కష్టమైన పని. కర్ణాటకలో బడి అభివృద్ధి, పర్యవేక్షణ కమిటీలు, ఎస్‌డీఎంసీలు, 2001లో వచ్చాయి. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, బడి కమిటీలో నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది ఆడవాళ్ళు ఉండాలని చెప్పింది. చట్టం సీటు ఇచ్చింది, కూర్చోవడానికి తీరిక మాత్రం చట్టం ఇవ్వలేదు. కె.ఆర్. మార్కెట్టులో పూలు అమ్మే తల్లి తెల్లవారకముందే వెళ్ళి పొద్దెక్కాక తిరిగొస్తుంది. చీరల కొట్లో మడతలు పెట్టే తండ్రి పదిన్నరకు షట్టరు ఎత్తే వేళకు ఉండాలి, రాత్రి ఎనిమిది దాటితేగాని ఇంటికి రాడు. హమాలీకి లారీ ఎప్పుడొస్తే అప్పుడే పని. ఆదివారం పేటలో చాలా కొట్లు మూసే ఉంటాయి, కాని ఆదివారం టీచర్లది.

మేడం ఒకే మీటింగును రెండు పూటలు చేశారు. కొట్లలో పనిచేసేవాళ్ళకు షట్టరు ఎత్తకముందు, పూలవాళ్ళకు మధ్యాహ్న భోజనం వేళ. టీచర్లను కూడా రెండుగా పంచారు, ఎవరూ రెండు పూటలూ నిలబడనక్కర్లేకుండా. నోటీసులో ఆ పంపకం ఎలా రాశారో చూడాలి: తల్లి పని ఏదో రాసి, పక్కన గంట, ఆ పక్కన టీచరు పేరు. అప్పుడు టీచరు గేటు దగ్గర కనిపించిన అమ్మతో, అమ్మా, మీరు మార్కెట్టు నుంచి వచ్చాక పన్నెండున్నరకు రండి చాలు, అని చెప్పగలదు. ఆ మాట టీచరు నోట్లో సిద్ధంగా పెట్టింది నోటీసు. సిబ్బందికి రాసే కబురు మంచిదో కాదో నేను తేల్చుకునేది ఇక్కడే: చదివినామె మరుక్షణం ఒక తల్లితో ఏం మాట్లాడాలో తెలిసిందా?

ఏ భాషలో మాట్లాడాలో కూడా ఆవిడే రాసేవారు. నోటీసు కన్నడంలో ఉంటుంది. ఇంటికి వెళ్ళే మాట తెలుగులోనో, ఉర్దూలోనో, తమిళంలోనో వెళ్ళాలి. అనంతపురం, చిత్తూరు వైపునుంచి వచ్చి సందుల్లో గదులు తీసుకున్న ఇళ్ళకు తెలుగు తెలిసిన టీచరు. ఉర్దూ ఇళ్ళకు ఇంకొకరు. వాట్సాప్ వచ్చాక చాలా బడుల్లో సుత్తోలెనే ఫోటో తీసి తల్లిదండ్రుల గ్రూపులో పెడుతున్నారు. చదవలేని తల్లికి ఆ ఫోటో దేనికి? మేడం చివరి సంవత్సరాల చిత్తుల్లో నోటీసు పక్కన చిన్న గుర్తు ఉంది: గొంతుతో చెప్పి పంపండి. 2020లో బడులు మూతపడి విద్యాగమ కార్యక్రమం కింద టీచర్లే పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడు మొదలుపెట్టిన అలవాటట. ఫోను తండ్రి జేబులో ఉంటుంది, రాత్రి ఇంటికొచ్చాక తల్లి వింటుంది, కాబట్టి రేపటి పని ఇవాళ సాయంత్రం పంపితే చాలదు, ఇంకో రోజు ముందే వెళ్ళాలి. ఆ లెక్కను కూడా ఆవిడ తేదీల్లో కలిపేవారు.

ఏడాది మధ్యలో చేరే పిల్లల గురించి ఆవిడ ఏటా ఒకే నోటీసు రాసేవారు, దాదాపు ఒక్క అక్షరం మార్చకుండా. వయసు రుజువు లేదని ఏ బిడ్డనూ బడిలో చేర్చుకోకుండా ఉండకూడదన్నది విద్యాహక్కు చట్టం. నోటీసు ఆ మాటతో మొదలవదు. బిడ్డను ముందు తరగతిలో కూర్చోబెట్టండి, ఆ పూట భోజనం లెక్కలో చేర్చండి, కాగితాల సంగతి నా దగ్గరికి పంపండి, అని మొదలవుతుంది. చట్టం సెక్షను చివర ఉంటుంది. అమెరికాలో మెకిన్నీ-వెంటో చట్టం కూడా ఈ దారినే నడుస్తుంది: నిలకడైన ఇల్లు లేని బిడ్డను కాగితాలు లేకపోయినా వెంటనే చేర్చుకోవాలి, ఆ పిల్లల పని చూడటానికి ప్రతి స్కూల్ డిస్ట్రిక్ట్‌లోనూ ఒక మనిషి ఉండాలి. ఇక్కడ ఆ మనిషి పదవికి పేరు లేదు, నా దగ్గరికి పంపండి అన్న మాటతో మేడమే ఆ పని నెత్తిన వేసుకున్నారు. కింద ఎర్రసిరాతో పిల్లల సహాయవాణి నంబరు 1098.

ఇక ప్రతిభా కారంజి అనే పిల్లల పోటీలు. కర్ణాటక బడి పిల్లలకు ఇది పండగ. క్లస్టరు స్థాయిలో గెలిస్తే తాలూకా, ఆపైన జిల్లా, ఆపైన రాష్ట్రం. కంఠపాఠం, కథ చెప్పడం, ఛద్మవేషం, మట్టిబొమ్మలు, ఆశుభాషణం, జానపద నృత్యం, కవ్వాలి, ఇంకా చాలా ఉంటాయి. కంఠపాఠంలో కన్నడంతోపాటు తెలుగు, తమిళం, ఉర్దూ, మరాఠీ వంటి భాషలకూ చోటుంది. ఇంటిదగ్గర తెలుగు, బడిలో కన్నడం మాట్లాడే పిల్లకు తన ఇంటి భాషలో బహుమతి వచ్చే వేదిక బెంగళూరులో ఇంతకంటే దగ్గర్లో మరొకటి లేదని నా అభిప్రాయం.

ఈ పోటీల సుత్తోలె పేజీలకు పేజీలు ఉంటుంది, అంశాలు, నిమిషాలు, విభాగాలు. హెచ్చెంలు సాధారణంగా, ఆసక్తి ఉన్న పిల్లల పేర్లు ఇవ్వండి, అని ఒక ముక్క రాసి ఊరుకుంటారు. అప్పుడు ప్రతి ఏడూ అవే పేర్లు వస్తాయి, ముందు బెంచీ పేర్లు. మేడం రాసింది వేరు: ప్రతి తరగతి నుంచి ఇంతవరకూ ఏ వేదికా ఎక్కని ముగ్గురి పేర్లు ఇవ్వండి, తరగతిలో మాట్లాడని పిల్లలు ఇంట్లో ఏం పాడతారో, ఏం చేస్తారో తల్లిని అడగండి. ఛద్మవేషానికి ఇంటివాళ్ళచేత డబ్బు పెట్టించొద్దు, బట్టముక్కలు, రంగుకాగితాలు బడి ఇస్తుంది. పేటలో బట్టముక్కలకు కరువేముంది, అడిగితే కొట్లవాళ్ళు సంచులకొద్దీ ఇస్తారు. ఆపైన పోటీరోజు వివరాలు: పిల్లల వెంట వెళ్ళే టీచరు, భోజనం, తిరిగొచ్చే వేళ, ఆ వేళకు గేటు దగ్గర ఎవరి బిడ్డను ఎవరు తీసుకెళ్తారో రాసుకోవడం. ఆడపిల్లల ఇళ్ళు పోటీకి పంపకపోవడానికి కారణం చాలాసార్లు పోటీ కాదు, తిరిగొచ్చే వేళ తెలియకపోవడం. ఆ ఒక్క వాక్యం వల్ల ఎందరు పిల్లలు వేదిక ఎక్కారో ఆవిడ లెక్క పెట్టలేదు.

చిత్తు పుస్తకంలో నోటీసు ఎప్పుడూ కుడిపేజీలోనే ఉంటుంది. ఎడమపేజీ ఖాళీగా వదిలి, తర్వాత ఏమైందో అక్కడ రాసుకునేవారు. మీటింగుకు రానివాళ్ళు ఎవరు, కారణం ఏమిటి. లారీ వచ్చింది. కబురు అందలేదు, ఫోను రీచార్జి లేదు. అత్తగారికి ఒంట్లో బాగాలేదు. తేదీ తప్పు విన్నారు. తప్పు విన్నారు అన్నచోట బాణం గీసి, మా నోటీసులో తేదీ రెండుచోట్ల ఉంది, ఒక్కచోటే ఉండాలి, అని రాశారు. రాని తల్లి మీద ఎక్కడా ఒక్క విసురుమాట లేదు. వచ్చే ఏడాది కుడిపేజీ నోటీసు ఈ ఎడమపేజీని చూసి రాసిందే. గంటల పంపకం, గొంతు కబురు, రెండు పాదాల గీత అన్నీ ముందు ఎడమపేజీలో పుట్టినవే.

ఇప్పుడు ప్రభుత్వాలూ తల్లిదండ్రులను ఇలా పిలుస్తున్నాయి. 2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్‌లో ఒకేరోజు రాష్ట్రమంతా సర్కారు బడుల్లో మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ జరిపారు, ముఖ్యమంత్రి బాపట్ల మునిసిపల్ హైస్కూలుకు వెళ్ళారు. తల్లిదండ్రులను బడిలోకి పిలవడం ప్రభుత్వాల పెద్దపని అయినందుకు నాకు నిజంగా సంతోషం. అంత పెద్ద పిలుపు కూడా చివరికి ఒక బడిలో ఒక హెచ్చెం రాసే నాలుగు వాక్యాల్లోంచే తల్లి చెవిన పడాలి. ఆ నాలుగు వాక్యాలు రాయడం, నాకు తెలిసి, టీచర్లకు శిక్షణ ఇచ్చే మన డైట్ కాలేజీల్లో పాఠంగా లేదు. సుత్తోలె చేతికిచ్చి, దీన్ని పూలు అమ్మే అమ్మకు అందేలా టీచర్లకు రాయండి, అని ఒక మధ్యాహ్నం కూర్చోబెడితే చాలు. మాదిరికి మేడం చిత్తులున్నాయి. జిరాక్సులు ఇవ్వడానికి ఆవిడకు అభ్యంతరం లేదు, ఎడమపేజీలు కూడా కలిపి తియ్యాలన్నది ఒక్కటే ఆవిడ షరతు.