తండ్రి చెట్టు ఆచూకీ

అమెజాన్ అడవిని నరికి పశువుల మేతకు బయలు చేసినప్పుడు అక్కడక్కడా కొన్ని మహావృక్షాలు మిగిలిపోతాయి. బ్రెజిల్‌లో మనౌస్ నగరానికి ఉత్తరాన అలా మిగిలిన చెట్టు డినీజియా ఎక్సెల్సా. మన చింత, తుమ్మల కుటుంబానిదే. 88 మీటర్ల దాకా పెరుగుతుంది. బీడులో ఒంటరిగా మిగిలిన ఇలాంటి చెట్లను జీవావరణ శాస్త్రవేత్త డేనియల్ జాన్‌జెన్ 1986లో ‘బతికున్న మృతులు’ అన్నాడు. చెట్టు పచ్చగానే ఉంటుంది కానీ, దాని వంశం ముందుకు సాగదని ఆయన ఉద్దేశం.

అది నిజమేనా అని పరిశోధకుడు క్రిస్టఫర్ డిక్ పరీక్షించిన తీరు నాకెంతో ఇష్టం. ఆ పనితనమంతా ఒక ఎంపికలో ఉంది. ఆయన సమాధానం కోసం పెద్ద చెట్ల జన్యువుల దగ్గర ఆగలేదు, వాటి గింజల దాకా వెళ్లాడు. పెద్ద చెట్లు అడవి దట్టంగా ఉన్న రోజుల్లో పుట్టినవి. వాటిలో ఎంత వైవిధ్యం కనిపించినా అది పాత అడవి ఇచ్చిన ఆస్తే. నరికివేత ఏం చేసిందో తెలియాలంటే ఆ తర్వాత కాసిన కాయల్లో వెతకాలి. చెట్ల ఆకులు మాత్రమే పరీక్షించి, వైవిధ్యం బాగానే ఉందని తేల్చే అధ్యయనాలు ఈ తేడాను దాటేస్తాయి.

ఇందుకు వాడిన సాధనం మైక్రోశాటిలైట్ మార్కర్. డీఎన్ఏలో కొన్నిచోట్ల రెండు మూడు అక్షరాల ముక్క వరసగా పదే పదే వస్తుంది. ఎన్నిసార్లు వస్తుందన్నది చెట్టుకూ చెట్టుకూ మారుతుంది. ప్రతి గింజకూ ఆ చోట రెండు ప్రతులుంటాయి, ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. తల్లి ఏ చెట్టో తెలుసు కనుక ఆమె వాటా తీసేస్తే మిగిలింది పుప్పొడి వెంట వచ్చినది. ఒక్క చోట చూస్తే పది చెట్లు తండ్రులు కావచ్చు. ఇలాంటి చోట్లు మరికొన్ని కలిపి చూస్తే ఒక్కొక్కటే జాబితాలోంచి తప్పుకుంటూ, చివరికి ఒకటి మిగులుతుంది. అయితే చుట్టుపక్కల తండ్రి కాగల చెట్లన్నిటి జన్యుచిత్రం ముందే చేతిలో ఉండాలి. చెట్లు పలచగా ఉన్న బీడు ఆ పనికి అనువైన చోటు. పరిశోధకుడు తన ప్రశ్నకు తగిన నేలను ఎంచుకోవడం కూడా నైపుణ్యమే.

2001లో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చిన ఫలితం ఆశ్చర్యపరిచేది. పుప్పొడి బీడు మీదుగా 3.2 కిలోమీటర్ల దాకా ప్రయాణించింది. అడవి తునకల్లోని చెట్లు నిండు అడవిలోని చెట్ల కంటే సగటున మూడు రెట్లకు పైగా గింజలు కాశాయి. బీళ్లలోని ఒంటరి చెట్ల పూలమీద స్థానిక కీటకాల స్థానాన్ని ఆఫ్రికా తేనెటీగలు ఆక్రమించాయి. 1956లో తేనె దిగుబడి కోసం బ్రెజిల్‌కు తెచ్చిన జాతి అది; మరుసటి ఏడాది తప్పించుకుని ఖండమంతా పాకింది. మనుషులు భయపడే ఆ పరాయి ఈగే ఇక్కడ చెట్లను కలుపుతోంది.

అంత గొప్ప వార్త చేతికొచ్చాక చాలామంది అక్కడితో ఆగుతారు. డిక్ మాత్రం దాని ఖరీదు కూడా లెక్కగట్టాడు. గబ్రియేలా ఎచెలెకు, ఫ్రెడెరిక్ ఆస్టెర్లిట్జ్‌లతో కలిసి 2003లో ప్రచురించిన వ్యాసంలో మూడు పశుక్షేత్రాలను, ఈ తేనెటీగలు లేని నిండు అడవినీ పోల్చాడు. పోల్చేందుకు టూజెనర్ అనే పద్ధతి వాడారు. తండ్రి ఎవరో ఒక్కొక్కరినీ పట్టుకోనక్కర్లేదు. వేర్వేరు తల్లులకు అందిన పుప్పొడి ఒకదానికొకటి ఎంత భిన్నమో చూసి, అది సగటున ఎంత దూరం నుంచి వచ్చిందో అంచనా కడతారు. ఆ మూడింటిలో ఒకటైన కొలోసో క్షేత్రంలో ఆ దూరం 1,509 మీటర్లు, అడవిలో 212 మీటర్లే. మరోపక్క, ఖరీదు ఇదీ: తన పుప్పొడితోనే తాను ఫలించిన గింజలు క్షేత్రాల్లో 14 శాతం, అడవిలో 10 శాతం. ఈ రెండో లెక్క కోసం పరీక్షించినవి క్షేత్రాల్లో 12 తల్లి చెట్ల గింజలు 277, అడవిలో 13 తల్లులవి 295. ఇంత కొద్ది గింజలను ఇంత ఓపికగా చదివారు!

తేనెటీగ ఉంది కదా, ఇక అడవి తునకలు చాలు అనుకునేవారికి అదే వ్యాసంలో జవాబుంది. నిండు అడవిలో సంతానోత్పత్తిలో పాల్గొంటున్న డినీజియా చెట్ల సాంద్రత హెక్టారుకు 0.1 మాత్రమే. అంటే పది హెక్టార్లకు, దాదాపు 25 ఎకరాలకు, ఒక్క చెట్టు. ఈ జాతి తన అడవిలో తాను నిలబడాలంటే చాలా విశాలమైన అడవి మిగలాలి. పుప్పొడి కిలోమీటర్ల దూరం ఎగురుతుందని తేల్చినవారే ఈ మాట కూడా రాశారు.