యంత్రాన్ని పక్కనపెట్టే కొలత

ప్రోగ్రాం నెమ్మదిగా నడిస్తే లోపం దానిదా, ప్రాసెసర్‌దా? గడియారం చెప్పలేదు. గెంట్ విశ్వవిద్యాలయంలో పుట్టిన మైకా అనే కొలత సాధనం అందుకే గడియారం జోలికి పోదు. పాత చొక్కాను కాక మనిషినే కొలిచే దర్జీలా ప్రోగ్రాం వెంట నడుస్తూ ఒక్కో ఆదేశాన్నీ చూస్తుంది. కూడికలెన్ని, మెమరీ నుంచి తెచ్చుకున్నవెన్ని, షరతుల దగ్గర ఎటు మళ్లుతుందో ముందే ఊహించగలమా? తాకిన మెమరీని చిన్న ముక్కల్లోనూ, 4 కిలోబైట్ల పేజీల్లోనూ లెక్కగడుతుంది. నాకు ముచ్చటేసేది మరొకటి: ఏ అడ్డంకీ లేని ఊహా ప్రాసెసర్‌ను అనుకుని, 32 నుంచి 256 ఆదేశాల కిటికీలోంచి చూస్తూ, ఒకదాని ఫలితం కోసం మరొకటి ఆగకుండా ఎన్ని కలిసి సాగగలవో తేలుస్తుంది. ఆదేశాల భాష మారితే అంకెలూ కొంత మారతాయి, నిజమే. పైగా ఈ కొలతకు ఓపిక కావాలి, ప్రోగ్రాం బాగా నెమ్మదిస్తుంది. కానీ ఒక యంత్రం మీద కవలల్లా కనిపించిన రెండు ప్రోగ్రాంలు నిజంగా ఒకే స్వభావం గలవో కావో డిజైనర్లకు దీనితో తెలుస్తుంది.