మంచం దగ్గరికి వచ్చిన మైకు

మన ఇళ్లలో కేన్సర్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇప్పటికీ తక్కువే. ‘ఆ జబ్బు’ అంటారు, అదీ గొంతు తగ్గించి. రోగికి మాత్రం ‘కడుపులో చిన్న పుండంట, మందులతో పోతుందంట’ అని చెబుతారు. ఆయనా నమ్మినట్టే తలూపుతాడు. ఇంటిల్లిపాదీ నటులే. నటనే వృత్తిగా డెబ్బై ఏళ్లు బతికిన ఒక పెద్దాయన మాత్రం ఆ వేషం వెయ్యనన్నారు.

2013 అక్టోబర్ 19న అక్కినేని నాగేశ్వరరావు (ఏఎన్నార్) విలేకరులను పిలిచి, తనకు కేన్సర్ వచ్చిందని తన నోటితోనే చెప్పారు. తొంభై ఏళ్లు నిండి అప్పటికి నెల కూడా కాలేదు. ఎవరో చెవులు కొరుక్కుంటూ మోసుకెళ్లాల్సిన కబురును ఆయనే తెచ్చి మైకుల ముందు పెట్టారు.

ఇక్కడో తమాషా ఉంది. 1981లో వచ్చిన దాసరి నారాయణరావు ‘ప్రేమాభిషేకం’లో ఆయన వేసింది కేన్సర్ రోగి పాత్రే. ఆ కథానాయకుడు జబ్బును దాస్తాడు. ప్రేమించిన అమ్మాయి తనను అసహ్యించుకుని మరొకరిని పెళ్లాడాలని లేని చెడ్డతనం నెత్తిన వేసుకుంటాడు. హాళ్లలో జనం కళ్లొత్తుకుంటూ చూశారు. తెర మీద అంత అందంగా దాచిన మనిషి, నిజంగా వచ్చినప్పుడు దాచలేదు. ఆ రెంటిలో ఈ రెండోదే గొప్ప ప్రదర్శన అనిపిస్తుంది.

అప్పటికి చేతిలో ఉన్న సినిమా ‘మనం’. దర్శకుడు విక్రమ్ కుమార్. ఆ సెట్లో కొడుకు నాగార్జున, మనవడు నాగచైతన్య ఆయనకు సాటి నటులు. పునర్జన్మల కథ కాబట్టి చుట్టరికాలన్నీ తలకిందులే: తొంభయ్యేళ్ల ముసలాయన నాగార్జునలో తన తండ్రిని చూసుకుంటాడు.

డబ్బింగ్ దగ్గర వచ్చింది చిక్కు. చూసేవాళ్లకు అది తేలిక పనే. చీకటి గది, ఎదురుగా తెర, చెవులకు హెడ్‌ఫోన్లు, ముందు మైకు. తెర మీది పెదాలతో మాట కలవాలి. మాటను ఎలాగోలా కలపొచ్చు. కలపడం కష్టమైంది ఊపిరి. షూటింగ్ నాడు ఏ మాట దగ్గర ఆగాడో, ఎక్కడ గాలి పీల్చాడో, ఎక్కడ గొంతు జీరబోయిందో, నెలల తర్వాత ఆ గదిలో మళ్లీ అక్కడే అలాగే జరగాలి. అర సెకను ముందు పడితే ఆ ముసలాయన అబద్ధమాడినట్టుంటుంది. అందుకే చాలామంది నిలబడి చెబుతారు. కూర్చుంటే పొట్ట నొక్కుకుంటుంది, గాలి చాలదు. ఇక కేన్సర్‌కు ఆపరేషన్ అయిన కడుపుతో, మంచం పట్టిన మనిషి సంగతి చెప్పేదేముంది?

ఆయనకు ఇంకో బెంగ. ఏఎన్నార్ గొంతు అనుకరించని మిమిక్రీ కళాకారుడు తెలుగునాట లేడు. స్కూలు వార్షికోత్సవాల్లో పదేళ్ల పిల్లలు కూడా ఆ తల ఊపుతో, ఆ సాగదీతతో చప్పట్లు కొట్టించుకుంటారు. తాను లేకపోతే ఎవరో ఒకరు తన పాత్రకు గొంతు అరువిస్తారని తెలుసు. అది ఇష్టం లేక, డబ్బింగ్ సరంజామా ఇంటికే తెప్పించమన్నారు. తెప్పించారు. తన పాత్ర మాటలన్నీ తానే చెప్పి ముగించారు. ఈ సంగతి నాగార్జున తర్వాత చెప్పారు.

పనిలో ఈ పట్టు ఆయనకు కొత్త కాదు. 1953 నాటి ‘దేవదాసు’లో తాగుబోతు కళ్ల కోసం ఆయన మందు ముట్టలేదు. రాత్రిపూట కడుపు నిండా పెరుగన్నం తిని, కునుకుపాటు రెప్పల మీదికి దిగేవేళ షాట్లు ఇచ్చానని చెప్పుకునేవారు. 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ అయింది. యాభై దాటిన హీరో, పైగా గుండెకు కత్తి పడింది, ఇక విశ్రాంతే అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి. ‘ప్రేమాభిషేకం’ వచ్చింది ఆ తర్వాత ఏడేళ్లకు.

నిండుగా బతకాలి అనగానే మనకు విమానం టిక్కెట్లు, కొండలు, సముద్రాలు గుర్తొస్తాయి. వెళ్లగలిగితే వెళ్లిరావాల్సిందే, అందులో తప్పేం లేదు. ఈయన కోరుకున్నది మాత్రం ఒక మైకు, కాసిని డైలాగులు. ఒప్పుకున్న పనిలో తన వంతు మిగిలిపోకూడదన్న పట్టింపు. అది మొండితనమే అని ఇంట్లోవాళ్లు విసుక్కున్నా తప్పు పట్టలేం.

2014 జనవరి 22న ఆయన హైదరాబాద్‌లో కన్నుమూశారు. ‘మనం’ మే 23న విడుదలైంది. ఈసారి ఆ సినిమా చూసినప్పుడు, ఆయన కనిపించే సన్నివేశాల్లో ఒక్కచోటైనా కళ్లు మూసుకుని వినండి. మాటకూ మాటకూ మధ్య వినిపించే ఆ ఊపిరి ఆయనదే.