అంకితమా, అప్పగింతా?

బెంగళూరు శివాజీనగర్‌లోని సెయింట్ మేరీస్ బసిలికాలో సెప్టెంబరు 8 పండుగనాడు చీర కట్టిన మరియమాత ముందు పలు భాషల ప్రార్థనలు వినిపిస్తాయి. అక్కడ తెలుగువారికి ఎదురయ్యే చిక్కు ఒకటుంది: మరియకు చేసే ‘కాన్సెక్రేషన్’ను మన భాషలో ఏమనాలి?

‘ప్రతిష్ఠ’ తెలుగు బైబిలు వల్ల మనకు పరిచితమే. అయితే ‘మరియకు ప్రతిష్ఠ’ అన్నప్పుడు ‘కు’ ప్రత్యయం మరియనే గమ్యంగా చూపుతుంది. 1712 ప్రాంతంలో రాసి, 1843లో అచ్చయిన గ్రంథంలో లూయీ ద మోంఫోర్ చెప్పింది అది కాదు. ఆయన దృష్టిలో ఈ అర్పణ జ్ఞానస్నాన ప్రమాణాల పునరుద్ఘాటన. క్రీస్తు గమ్యం, మరియ మార్గం. నిజమైన ప్రతిష్ఠ దేవునికేనని 2001లో వాటికన్ వెలువరించిన ప్రజాభక్తి మార్గదర్శిక కూడా స్పష్టం చేసింది.

1984 మార్చి 25న లోకాన్ని మరియకు సమర్పిస్తూ పోప్ రెండవ జాన్ పాల్ ‘అప్పగించడం’ అనే అర్థంగల క్రియను కూడా వాడారు. మన పెళ్లి అప్పగింతలు గుర్తుకు రాక మానవు. అప్పగింతలో ఇచ్చేవారు వేరు, వెళ్లేవారు వేరు. సిలువ దగ్గర యేసు తల్లినీ శిష్యుణ్ణీ ఒకరికొకరిని అప్పగించిన తీరూ (యోహాను 19) అదే. కనుక లోకం తరఫున చేసే ప్రార్థనకు ఈ మాట చక్కగా అమరుతుంది.

తనను తాను ఇచ్చుకునే భక్తుడికి మాత్రం అది చాలదు. పోతన భాగవతాన్ని రాముడికి అంకితమిచ్చినట్లు, ఇచ్చేవాడి సంకల్పం మాటలోనే తెలియాలి. అందుకు ‘మరియ ద్వారా క్రీస్తుకు అంకితం’ అనడమే మేలని మా అభిప్రాయం. విభక్తి మారితే భక్తి దిశ మారుతుంది. మన విద్యార్థులు తమ ఇళ్లలోని ప్రార్థన పుస్తకాలను ఈ దృష్టితో ఒకసారి పరిశీలించవలసిందిగా కోరుతున్నాం.