తాటిచెట్టు కింద పాలు

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లు తాగాడనే అంటారని మనకో సామెత. తెనాలి నుంచి గుంటూరు వెళ్తూ వడ్లమూడి దగ్గర సంగం డెయిరీ గేటు ముందు పాల ట్యాంకర్ల వెనక ఆగిపోయినప్పుడల్లా నాకీ సామెత గుర్తొస్తుంది. పాలకి ఇక్కడ ఇంత పెద్ద ప్రాంగణం ఉంది. రేపల్లె వైపు పొలం గట్ల మీదా, బాపట్ల ఇసుక నేలల్లోనూ నిలబడ్డ తాళ్ళ కింద కల్లుకి మహా అయితే ఒక తాటాకు పాక ఉంటుంది. చూస్తే రెండూ తెలుపే. రెండింటికీ తెల్లారకముందే పని మొదలుపెట్టాలి, మళ్ళీ సాయంత్రం ఇంకోసారి చెయ్యాలి. పూట దాటితే రెండూ చెడతాయి. అయినా పాలు కంపెనీ అయ్యాయి, కల్లు కాలేదు. కల్లు తాగడం తప్పు కాబట్టి అంటారేమో. సారా, బ్రాందీ, బీరు అన్నీ కంపెనీలయ్యాయి కదా!

ఇదేమిటో తెలియాలంటే ముందు చెట్టెక్కాలి.

చెట్టు గీయడమంటే చెట్టుకి గాటు పెట్టి రసం పట్టుకోవడమని చాలామంది అనుకుంటారు. అది చాలా వరకు పాలు పితకడం లాంటి పని. తాళ్ళలో పోతుతాడు, పెంటితాడు అని రెండు. పోతుతాడుకి కాయలుండవు, వేళ్ళలా సాగిన పూత మాత్రం వస్తుంది. ఆ పూత విచ్చుకోకముందే కాడల్ని కలిపి నారతో కట్టి, కర్ర పట్టుకారుతో రోజూ కొంచెం కొంచెం నొక్కుతారు. గట్టిగా నొక్కితే లోపల చితికి కుళ్ళుతుంది. మెతగ్గా నొక్కితే రసం దిగదు. ఎంత నొక్కాలో ఏ పుస్తకంలోనూ ఉండదు, తండ్రి చేతిని చూసి కొడుకు చెయ్యి నేర్చుకోవాలి. పెంటితాడుకైతే కాయలు ముదరకముందే గెల కాడని మచ్చిక చేస్తారు. పొదుగు నిమిరితే గేదె చేపినట్టు, కొన్ని రోజుల ఈ సేవ తర్వాత కొన కోస్తే అక్కడ చుక్క కడుతుంది. అప్పుడు కుండ కడతారు.

ఆ రోజు నుంచి పొద్దునా సాయంత్రం కోసిన ముఖాన్ని మళ్ళీ పల్చగా చెక్కాలి. చెక్కిన పొర అరటాకు ఈనె మీది తోలంత ఉంటే చాలు. మందంగా చెక్కితే గెల నెలరోజుల్లో అయిపోతుంది. చెక్కకపోతే ముఖం ఆరిపోయి రంధ్రాలు మూసుకుపోతాయి, రసం ఆగిపోతుంది. పితకని గేదె వట్టిపోవడమూ ఇంతే. గీసేవాడి ఇంట పెళ్ళైనా చావైనా చెట్టు ఆగదు. ఆ పూటకి తమ్ముడో బావమరిదో ఎక్కాలి. అందుకే ఇది ఒక్కడి వృత్తి కాలేదు, ఇంటిల్లిపాది వృత్తయింది. మగవాడు చెట్టెక్కి గీసి కల్లు దించితే, వడగట్టడం, అమ్మడం, బాకీలు గుర్తుపెట్టుకోవడం చాలా ఇళ్ళలో ఆడవాళ్ళ పని.

ఈతచెట్టు సంగతి వేరు. దానికి గెల కాదు, మొవ్వు కింద కాండాన్నే చెక్కుతారు. చలికాలం దాని కాలం. ఒక ఏడు చెక్కిన పక్కని మరుసటి ఏడు వదిలేసి ఎదుటి పక్కన చెక్కుతారు కాబట్టి, ముసలి ఈతచెట్టు ఒళ్ళంతా అటొకటి ఇటొకటి మెట్లు కట్టినట్టుంటుంది. ఆ మెట్లు లెక్కపెడితే ఎన్నేళ్ళు గీశారో తెలుస్తుంది. ఖాతా పుస్తకం చెట్టు మీదే ఉందన్నమాట. శివరాత్రి దాటి ఎండ ముదిరేసరికి తాడి వంతు వస్తుంది.

ఎక్కడం గురించి ఎంత చెప్పినా తక్కువే. నడుమునీ చెట్టునీ కలిపి చుట్టిన మోకు ఒకటి, పాదాలు చెట్టుని పట్టుకోవడానికి కాళ్ళకి వేసుకునే చిన్న బందం ఒకటి. ఆనింపు ఆ రెండే. వెనక్కి వాలి మోకు మీద బరువు వేస్తే కాళ్ళు తేలికవుతాయి, కాళ్ళు ఒక అడుగు ఎగబాకాక మోకుని పైకి విసరాలి. విసిరే ఆ క్షణంలో ఒంటిని పట్టుకున్నది పాదాలొక్కటే. తాడి వంద అడుగుల దాకా పెరగగలదు. ఒక మనిషి పూటకి ఒకటి కాదు, వరసగా చాలా చెట్లు ఎక్కి దిగాలి. మోకు జారి గీత కార్మికుడు మృతి అనే నాలుగు లైన్ల వార్త జిల్లా పేజీలో చదవని ఏడాది నాకు గుర్తులేదు. తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్షక కవచం పేరుతో పర్వతారోహకులు వాడే రకం పట్టీలూ తాళ్ళూ ఇవ్వడం మొదలుపెట్టింది. గౌడుల కులదైవం పేరు పెట్టారు, బాగుంది. ఆ దేవుణ్ణి నమ్ముకుని ఎక్కిన తరాలన్నీ వెళ్ళిపోయాక గానీ పట్టీ రాలేదు.

ఇక కుండలో ఏం జరుగుతుందో చూద్దాం. తాటి కాడ నుంచి అప్పుడే జారిన రసం పానకమే. నూటికి పది నుంచి పద్నాలుగు పాళ్ళ దాకా చక్కెర ఉంటుంది, మత్తు ఉండదు. దాన్ని ఎవరూ కాచరు, తోడు వెయ్యరు. కుండ లోపలి గోడకి అంటుకున్న నిన్నటి మడ్డే తోడు. గాలి నుంచి, పూత నుంచి, తేనెటీగల కాళ్ళ నుంచి మరికొన్ని సూక్ష్మజీవులు వచ్చి చేరతాయి. ముందు పాలని పెరుగు చేసే జాతి బాక్టీరియా కొంచెం పులుపెక్కిస్తుంది. వెంటనే ఈస్టు అందుకుంటుంది. దానితోపాటు జైమోమోనాస్ అనే బాక్టీరియా కూడా పనిలో దిగుతుంది. చక్కెరని సారాయిగా మార్చడంలో అది ఈస్టు కంటే చురుకు. దీన్ని 1924లో విడదీసి చూపించింది బెర్లిన్ శాస్త్రవేత్త పాల్ లిండ్నర్. ఆయన పని జర్మన్ బీరు పరిశ్రమకి, దొరికింది మాత్రం మెక్సికో వాళ్ళు కిత్తనార జాతి మొక్క నుంచి తీసే కల్లులో. బీరు కాచేవాళ్ళకి ఈ బాక్టీరియా అంటే హడలు, పీపాలో దూరితే సరుకు పాడైనట్టే. మన కుండలో అది ఇంటి మనిషి.

కాబట్టి పొద్దున దించిన కల్లు తియ్యగా, నురగ కక్కుతూ ఉంటుంది. మధ్యాహ్నానికి ఘాటెక్కుతుంది. సాయంత్రానికి పులుస్తుంది. మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. రుచి తెలిసినవాళ్ళు ఏ చెట్టు కల్లో అడుగుతారు, ఏ వేళకి దించిందో అడుగుతారు. కంపెనీ పేరు అడగరు.

ఇప్పుడు కాసేపు మ్యూనిక్ వెళ్ళొద్దాం, ఎందుకో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

1807లో గాబ్రియేల్ జెడ్ల్‌మయర్ అనే ఆయన మ్యూనిక్‌లో స్పాటెన్ అనే పాత సారా బట్టీని కొన్నాడు. సారా బట్టీ అంటే వాళ్ళకి కోపం రావచ్చు, బీరు బట్టీ అందాం. బార్లీని నానబెట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, ఉడికించి, హాప్స్ పూలు వేసి పులియబెట్టడం వాళ్ళ పని. ఈ వరసలో మొదటి లాభం ఏమిటంటే బార్లీ గాదెలో నిలవుంటుంది. చక్కెర ఎప్పుడు పుట్టాలో కాచేవాడి చేతిలో ఉంది, తాటి గెల చేతిలో లేదు. బవేరియాలో 1516లో చేసిన చట్టం బీరులో బార్లీ, హాప్స్, నీళ్ళు తప్ప ఇంకేం వెయ్యకూడదంది. ఈస్టు పేరు అందులో లేదు, అప్పటికి అదేమిటో ఎవరికీ తెలియదు. మన కుండ మడ్డికీ ఏ చట్టంలో పేరు లేదు లెండి. ఎండాకాలంలో కాచిన బీరు చెడిపోతోందని 1553 నుంచి అక్కడ వేసవిలో కాచడమే నిషేధించారు. చలిలో కాచి నేలమాళిగల్లో మంచు పేర్చి దాచేవాళ్ళు. మాళిగ పైన ఎండ పడకుండా చెస్ట్‌నట్ చెట్లు పెంచారు. ఆ నీడలోకి బల్లలు వస్తే అవే బీరు తోటలయ్యాయి. అక్కడ చెట్టు పీపాకి గొడుగు పట్టింది. ఇక్కడ పీపా చెట్టు నెత్తిన ఉంది.

జెడ్ల్‌మయర్ కొడుకు పేరు కూడా గాబ్రియేలే. వాడు తండ్రిని మించిన ఘటం. 1833లో వియన్నాకి చెందిన ఇంకో బీరు కుటుంబం కుర్రవాడు ఆంటోన్ డ్రేయర్‌తో కలిసి బ్రిటన్ వెళ్ళి, అక్కడి బట్టీలు చూస్తున్నట్టు నటిస్తూ గుల్ల చేతికర్రలో రసం దొంగిలించి పరీక్షలు చేసేవాడట. అంత పట్టుదల ఉన్నవాడికి మంచు కోసం చలికాలం దాకా కాచుకోవడం నచ్చుతుందా? 1870లలో మ్యూనిక్ పాలిటెక్నిక్ ఆచార్యుడు కార్ల్ లిండే శీతల యంత్రం తయారుచేస్తుంటే, ప్రయోగం తన బట్టీలో చేసుకోమని చోటిచ్చాడు. మనం ఫ్రిజ్ అంటున్నదాని తాతముత్తాతల్లో ఒకటి అలా ఒక కుటుంబం బీరు బట్టీలో పుట్టింది. లిండే 1879లో కంపెనీ పెట్టాడు. స్పాటెన్ పెరిగింది, పక్కవాళ్ళతో కలిసింది, 2003లో బెల్జియం బహుళజాతి సంస్థకి అమ్మకానికి ఒప్పందమైంది. రెండు శతాబ్దాల కుటుంబ వ్యాపారానికి అది ముగింపు.

ఇప్పుడు వడ్లమూడి తిరిగొద్దాం. 1970లలో ఆపరేషన్ ఫ్లడ్ రోజుల్లో, గుజరాత్ ఆనంద్ పద్ధతిలో ఇక్కడ పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం వచ్చింది. రైతు పూటకి రెండు లీటర్లు పోసినా సరే, ఊరూరా కేంద్రం పెట్టి కొలిచి, వెన్న శాతం చూసి, చల్లబరిచి, ట్యాంకర్‌లో తెచ్చి, వేడి చేసి మళ్ళీ చల్లార్చి ప్యాకెట్ చేశారు. వేడి చేసి సూక్ష్మజీవుల్ని చంపడమనే ఉపాయం పాశ్చర్ కనిపెట్టింది పాల కోసం కాదు, 1860లలో ఫ్రెంచి ద్రాక్షసారా చెడిపోకుండా. చల్లదనం బీరు బట్టీ నుంచి, వేడి సారా పీపా నుంచి వచ్చి వడ్లమూడి పాలని కంపెనీ చేశాయి. తాటిచెట్టు కింద తాగిన పాలని కల్లన్నవాళ్ళు ఈ మాట వింటే ఏమంటారో!

మరి అవే రెండూ కల్లుకి ఎందుకు పనికిరాలేదు? కల్లుని వేడి చేస్తే చచ్చిన కల్లవుతుంది. దాని రుచంతా లోపల బతికున్నవాళ్ళ పనే. చల్లబరిస్తే పులుపు నెమ్మదిస్తుంది కానీ, ఎండలో వంద అడుగుల ఎత్తున కట్టిన కుండలో మొదటి చుక్క పడ్డప్పుడే పని మొదలైపోయింది. చల్లదనం అక్కడిదాకా ఎక్కాలి. కొబ్బరి కల్లు విషయంలో కాసరగోడు పరిశోధన కేంద్రం మంచుపెట్టెని గెలకే తగిలించి, పులియని రసాన్ని కల్పరసమని అందించింది. మన దగ్గర సున్నం పూసిన కుండ ఉండనే ఉంది. సున్నం ఉంటే రసం పులవదు, దాన్ని కాచి తాటిబెల్లం చేస్తారు. గాంధీ గ్రామ పరిశ్రమల్లో తాటిబెల్లానికి పెద్దపీట వేశారు. హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో 2023లో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. ఇవన్నీ మంచివే, కానీ ఇవేవీ కల్లు కావు.

చట్టం వైపు నుంచి వచ్చిన దెబ్బ వేరు. 1937లో సేలం జిల్లాలో రాజాజీ మొదలుపెట్టిన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా పాకింది. మన జిల్లాలు అప్పుడు అందులోనివే. నిషేధం బట్టీ సారాని ఆపలేకపోయింది గానీ, నలుగురికీ కనిపించే ఎత్తున నిలబడి గీసేవాణ్ణి ఇట్టే పట్టుకుంది. చెట్టెక్కినవాడు దాక్కోలేడు. గౌతు లచ్చన్న వాళ్ళ తరఫున పోరాడారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక నిషేధం ఎత్తేయాలని రామమూర్తి కమిటీ చెప్పినా ప్రభుత్వం ఎత్తేయలేదు. ఆ గొడవలోనే 1954 నవంబరులో ప్రకాశం పంతులు మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. ఆంధ్రకేసరి ప్రభుత్వాన్ని దించింది కల్లు కుండ! దీన్ని పాఠ్యపుస్తకాల్లో ఎందుకో ఒక వాక్యంలో తేల్చేస్తారు. తర్వాతి కాలంలో గీత కార్మికుల సహకార సంఘాలు వచ్చాయి, చెట్లు గీసేవాడికే దక్కాలన్న పద్ధతి వచ్చింది. పాలకీ సంఘమే, కల్లుకీ సంఘమే. ఒకటి ట్యాంకర్ కొనుక్కుంది, రెండోది చెట్టు పన్ను కట్టుకుంటూ ఉండిపోయింది. ఈ మధ్య ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాల్లో పది శాతం గీత కులాలకి కేటాయించారు. బతుకుదెరువు కోసం మంచిదే కావచ్చు. మోకు పట్టిన చేతికి బీరు సీసాల గల్లాపెట్టె ఇచ్చారన్నది మాత్రం నాకు మింగుడు పడదు.

పెరగని సరుకుని పెంచబోతే ఏమవుతుందో తెలంగాణ పట్టణాల్లో చూశాం. చెట్లు తక్కువ, అడిగేవాళ్ళు ఎక్కువ. నీళ్ళలో నిద్రమాత్రల మందు కలిపితే అది కల్లయిపోతుంది. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. కల్లుని ఇష్టపడేవాడు ముందు గుర్తుపెట్టుకోవలసిన లెక్క ఇదే అనిపిస్తుంది నాకు. ఇన్ని చెట్లకి ఇన్ని కుండలు, అంతకు మించి లేదు. స్పాటెన్ గాదెకి లేని హద్దు ఇది. ఈ హద్దే కల్లు నాణ్యతకి ముద్ర కూడా. చెట్టు కనిపించని చోట తాగొద్దని పల్లెల్లో పెద్దలనేది అందుకే.

తాడి గీతకి రావడానికి పన్నెండు నుంచి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఈ రోజు పెట్టిన టెంక పెట్టినవాడికి కాదు, కొడుకుకి. ఇటుక బట్టీలకి కొట్టేసిన తాళ్ళు, చేపల చెరువుల గట్లు వేస్తూ పడేసిన తాళ్ళు ఎన్నో. వాటి చోట ఎవరూ పనిగట్టుకుని పెట్టడం లేదు. అయినా బాపట్ల ఇసుకలో కొత్త తాళ్ళు కనిపిస్తూనే ఉంటాయి. భాద్రపదంలో తాటిపళ్ళు రాలాక టెంకల్ని ఇసుకలో పాతర పెడతారు. సంక్రాంతి నాటికి పిల్లలు తవ్వి తేగలు కాల్చుకు తింటారు. ఎంత జాగ్రత్తగా తవ్వినా పాతర అంచున ఒకటో రెండో టెంకలు మిగిలిపోతాయి. పిల్లలు వెళ్ళిపోయాక అవి ఇంకా లోతుకి వేరు దించుతాయి.