వెలుగు కోసం చేసిన నగలు

మాఘమాసంలో నాదర్‌గుల్‌లోని ఒక ఫంక్షన్ హాల్లో రిసెప్షన్. పెళ్లికూతుర్ని స్టేజీ మీదికి తెస్తుంటే మా అత్తమ్మ నా చెయ్యి గిల్లి, "పిల్ల అచ్చం మాయాబజార్ల శశిరేఖ లెక్కనే ఉన్నది" అంది. పాపిడి బిళ్ల, దానికి అటూ ఇటూ సూర్యుడు చంద్రుడు, చెంపస్వరాలు, వంకీలు, వడ్డాణం, జడ పొడుగునా బిళ్లలు. పుస్తెలూ చెవి కమ్మలూ తప్ప మిగతాదంతా దిల్‌సుఖ్‌నగర్‌లో రోజు లెక్కన అద్దెకు తెచ్చిన సెట్టని భోజనాల దగ్గర తెలిసింది. అత్తమ్మ చిన్నబుచ్చుకుంది. నాకు మాత్రం ఆ పోలిక ఇంకాస్త గట్టిపడింది. శశిరేఖ నగలనైనా ఎవరు తూకం వేసి మెచ్చుకున్నారు గనుక?

'మాయాబజార్' 1957 మార్చి 27న విడుదలైంది. కళాదర్శకులు మాధవపెద్ది గోఖలే, కళాధర్. ఈ జంటే 1951లో 'పాతాళ భైరవి'కీ పనిచేసింది. ఆ కాలపు పౌరాణికాల్లో కోట గోడ మీది లతా, రాజుగారి కిరీటం మీది లతా ఒకే చేతి గీతలా కనబడతాయి. అంతకు ముందు ఏడాది 'సొంతవూరు'లో ఎన్టీఆర్ కాసేపు కృష్ణుడిగా కనిపిస్తే జనం మెచ్చలేదు. అందుకే ఈసారి ఆయన వెనకాడారు. దర్శకుడు కె.వి. రెడ్డి పట్టుబట్టి ఒప్పించి, ఆహార్యం మీద ప్రత్యేకంగా శ్రద్ధ పెట్టించారు. పీతాంబరం మేకప్పు, మార్కస్ బార్ట్లీ కెమెరా తోడయ్యాయి. ఆ తర్వాత తెలుగిళ్లలో కృష్ణుడంటే ఆ ముఖమే. కిరీటం ఎత్తు ముఖాన్ని నిడుపు చేస్తుంది, భుజకీర్తులు భుజాల్ని విశాలం చేస్తాయి, కంఠహారాలు చూపును మళ్లీ ముఖం వైపు తిప్పుతాయి. మనిషిని దేవుడి కొలతకు తెచ్చే లెక్క ఇది.

ఈ లెక్క సినిమా కనిపెట్టింది కాదు. కూచిపూడి భాగవతులు బూరుగు కర్రతో తేలికైన ఆభరణాలు చేయించుకున్నారు. తెలంగాణ చిందు యక్షగానంలో కిరీటం, భుజకీర్తులు లేకుండా రాజు రంగం మీదికి రాడు. రాత్రంతా ఎగిరి ఆడాలి కాబట్టి నగ తేలిగ్గా ఉండాలి. ఆఖరి వరసలో చాప మీద కూర్చున్నవాడికీ ఆనాలి కాబట్టి పెద్దదిగా ఉండాలి. నునుపు, నాణ్యం తర్వాతి సంగతి. దీపం వెలుగులో తప్పులు కనబడవు.

చిక్కు క్లోజప్పుతో వచ్చింది. చాప మీది మనిషి ఒక్కసారిగా జానెడు దూరంలోకి వచ్చేశాడు. అతికించిన తగరపు కాగితం అంచు కూడా తెర మీద అరచేయంత కనబడుతుంది. రంగస్థలపు తేలికతనం ఉండాలి, కంసాలి పనితనమూ ఉండాలి. దక్షిణాదిలో ఆ రెండూ కలిసిన నగ అప్పటికే ఉంది. నాగర్‌కోయిల్ దగ్గర వడశేరిలో చేసే ఆలయాభరణాలవి: వెండి మీద బంగారు పూత, లోపల లక్క, పైన కెంపు రాళ్లు. దేవుడికి చేసిన ఈ నగలు నాట్యానికీ అలవాటయ్యాయి.

హైదరాబాద్ జడావు పనిలోనూ కిటుకు లక్కలోనే ఉంది. బంగారు గూడులో లక్క నింపి, తళుకు రేకు పరిచి, దాని మీద రాయి కూర్చోబెడతారు. పట్టుకోవడానికి గోళ్లుండవు. మేలిమి బంగారపు పల్చటి రేకును రాయి చుట్టూ నొక్కుతూ పోతే అదే బిగుసుకుంటుంది. వెలుగు రాయిలోకి దిగి, అడుగు రేకుకు తగిలి వెనక్కి వస్తుంది. సాన పట్టిన వజ్రంలా రవ్వలు చిమ్మదు, నిలకడగా వెలుగుతుంది. కెమెరాకు కావలసిందీ అదే. కె. ఆసిఫ్ 'మొఘల్-ఎ-ఆజం' (1960) కోసం దర్జీల్ని ఢిల్లీ నుంచి, కిరీటాల పనివాళ్లను కొల్హాపూర్ నుంచి పిలిపిస్తే, నగలకు మాత్రం హైదరాబాద్ కంసాలుల్నే పిలిపించాడు. అదే సినిమాలో శీష్‌మహల్ అద్దాలు కెమెరా కళ్లు చెదరగొడుతుంటే వాటికి పల్చగా మైనం పూశారట.

మెరుపు ఎక్కువైతే ముప్పే. మెరుగు పెట్టిన లోహం స్టూడియో దీపానికి తెల్లటి మచ్చగా పేలిపోతుంది, చెక్కడం కనబడదు. హాలీవుడ్‌లో యూజీన్ జోసెఫ్ ఇందుకే మెరుపు చంపిన పూత ఒకటి తయారు చేసి, దానికి 'రష్యన్ గోల్డ్' అని పేరు పెట్టాడు. తన నగలను స్టూడియోలకు అమ్మకుండా అద్దెకిచ్చేవాడు. తెలివంటే అది. పైగా నలుపు తెలుపు ఫిల్ములో ముదురు కెంపూ ముదురు పచ్చా ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ముత్యం, తెల్లరాయి, చెక్కడంలోని లోతు, ఇవే నగను బతికిస్తాయి. సెట్లోనే మాటలు రికార్డయ్యేచోట గలగలలాడే గాజు ఇంకో శత్రువు.

1963లో 'లవకుశ' పూర్తి రంగుల్లో వచ్చాక బూడిద రంగు బాధ తీరింది, కానీ ప్రతి రాయికీ తన రంగు తనే చెప్పుకోవాల్సి వచ్చింది. 2010లో హైదరాబాద్ సంస్థ గోల్డ్‌స్టోన్ 'మాయాబజార్'కు రంగులద్దింది. బాగుందనే అన్నారంతా. నాకు మాత్రం ఆ పసుపు బంగారం కంటే బార్ట్లీ వెండి వెన్నెల్లోని నగలే ఖరీదైనవిగా తోస్తాయి. ఆ అందాన్ని మళ్లీ పట్టుకున్నందుకు, శశిరేఖగా నటించిన సావిత్రి జీవితకథ 'మహానటి'కి దుస్తుల రూపకల్పనలో జాతీయ అవార్డు వచ్చింది. ఇంద్రాక్షీ పట్నాయక్, గౌరంగ్ షా, అర్చనా రావు దాన్ని పంచుకున్నారు.

పెళ్లయిన వారానికి నేనూ ఆ అద్దె దుకాణానికి వెళ్లాను, మా చెల్లెలి కూతురి కోసం. దుకాణం అతను రెండు వడ్డాణాలు ముందు పెట్టాడు. ఒకటి ధగధగలాడుతోంది, రెండోది మసక బంగారం. నా చెయ్యి మొదటిదాని మీదికి పోయింది.

"అది వద్దక్కా," అన్నాడు. "వీడియోల లైటు కొడతది. మ్యాట్ తీస్కోండ్రి." ఫోన్ టార్చ్ వెలిగించి రెండింటి మీదా పట్టాడు. ధగధగలాడేదాని నడిమధ్య తెల్లటి చుక్క తప్ప ఇంకేమీ లేదు. మసకదాని మీద లక్ష్మీదేవి, రెండు ఏనుగులు, వాటి తొండాల మీది గీతలతో సహా లేచి కనబడ్డాయి.