కంటికి శుభ్రమైన ఉక్కు

ఉక్కు వంతెనకు గాని, ఓడకు గాని రంగు వేయుటకు ముందు ఆ ఉక్కు ఎంత శుభ్రముగా ఉండవలెనో నిర్ణయించు కొలబద్ద యొకటి కావలెను. రంగు ఎంత ఖరీదైనదైనను, దాని క్రింద తుప్పో జిడ్డో మిగిలినచో నిలువదు. ఈ పనికి పెక్కు దేశములు వాడుచున్న కొలబద్ద ఐ.ఎస్.ఓ. 8501-1 అను అంతర్జాతీయ ప్రమాణము. స్వీడన్ దేశపు 1967 నాటి ప్రమాణము దీనికి మాతృక. ఇది 1988లో తొలిసారి, 2007లో మలిసారి వెలువడినది.

ఇది చాలవరకు బొమ్మల పుస్తకము. రంగు వేయని ఉక్కును తుప్పు హెచ్చుతగ్గులను బట్టి ఎ, బి, సి, డి అను నాలుగు తరగతులుగా విభజించి, ఇసుక వంటి గరుకు రేణువులను గాలి ఒత్తిడితో చిమ్మి శుభ్రము చేసిన పిమ్మట అది ఎట్లుండునో ఎస్.ఏ. 1, 2, 2½, 3 అను మెట్లలో చూపును. తీగ కుంచెతో తోమిన ఉక్కునకు వేరే మెట్లు కలవు. మొత్తము 28 ఛాయాచిత్రములు. పనివాడును, ఇంజనీరును ఒకే బొమ్మను చూచి ఒక మాటకు రాగలరు. దీని గొప్ప యంతయు ఇక్కడనే ఉన్నది. (మూడు మెట్లు చాలక నడుమ చేర్చిన ఆ అరమెట్టే నేడు పెద్ద పనులలో తరచు వినబడుట ఒక వింత.)

అయితే కన్ను సులభముగా మోసపోవును. ఇసుకకు బదులు రాగి చిట్టెమును చిమ్మిన ఉక్కు, అంతే శుభ్రమైనదైనను, నల్లగా కనబడును. ఈ చిక్కును తీర్చుటకు 1994లో అనుబంధ మొకటి వేయవలసి వచ్చినది. 2½ మెట్టులో స్వల్పమైన మరకలు ఉండవచ్చునని చెప్పి, ఎంత స్వల్పమో ఈ ప్రమాణము చెప్పదు. దానికి సమీపమైన అమెరికా ప్రమాణము ప్రతి తొమ్మిది చదరపు అంగుళములలో నూటికి ఐదు వంతులకు మించరాదని హద్దు గీసినది. తగవు వచ్చినపుడు ఏది అక్కరకు వచ్చునో వేరుగ చెప్పనక్కరలేదు.

ఇవి చిన్న లోపములు. పెద్దది వేరొకటి కలదు. సముద్రపు గాలిలో తుప్పుపట్టి గుంటలుపడిన డి తరగతి ఉక్కులో, ఆ గుంటల అడుగున క్లోరైడు లవణములు దాగియుండును. రేణువులు చిమ్మిన తరువాత పైభాగము మెరయును. లవణము మాత్రము అక్కడనే ఉండును. దానిపై రంగు వేసిరనుకొనుడు. నీటిలో వేసిన ఎండుద్రాక్ష ఉబ్బుట పాఠశాలలో ప్రతి విద్యార్థియు చూచినదే. రంగు పొర ఆ ద్రాక్షతొక్క వంటిది. ద్రవాభిసరణము వలన నీరు పొరగుండా లోనికి లాగబడి బొబ్బలు లేచును, వాని క్రింద తుప్పు మరల మొదలగును. ఉక్కు మాత్రము బొమ్మతో సరిపోలినదే!

కంటికి కానరాని లవణములను వేరుగా పరీక్షింపవలెనని ఈ ప్రమాణమే ఒప్పుకొనుచున్నది. ఆ పరీక్షలు 8502 అను వేరొక వరుసలో ఉన్నవి. ఉక్కుపై చిన్న అంటుతిత్తిని అతికించి, సూదితో శుద్ధజలమును ఎక్కించి, లవణము కరిగిన పిదప వెలికి తీసి విద్యుద్వాహకతను కొలుతురు. పద్ధతి చక్కనిదే. కాని ఎంత లవణమువరకు సహింపవచ్చునో ఆ వరుస నిర్ణయించదు. ఓడల బరువునీటి తొట్ల విషయములో ఆ హద్దును 2006లో అంతర్జాతీయ నౌకాయాన సంస్థ విధింపవలసి వచ్చినది: చదరపు మీటరుకు 50 మిల్లీగ్రాములు. అనగా గ్రాము ఉప్పును 20 చదరపు మీటర్లకు పంచినంత. దానిని ఏ ఛాయాచిత్రము చూపగలదు?

ఒప్పందములో 2½ అని మాత్రమే వ్రాసి ఊరకుండు గుత్తేదారునిదే తప్పనుట సులభము. కాని ఆకర్షించు బొమ్మలను ఒక పుస్తకములోను, అసలు హెచ్చరికను ఉపోద్ఘాతములో ఒక వాక్యముగాను ఉంచినవారికి ఆ తప్పులో పాలు లేదా? డి తరగతి బొమ్మల ప్రక్కనైనను, లవణ పరీక్ష జరుపనిదే ఈ బొమ్మతో పోల్చరాదని అచ్చువేయుటకు ఒక్క పంక్తి చోటు చాలును.